కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేషన్: మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రీమాంట్, డబ్లిన్, ఫోల్సమ్ వైపు ఉండే తెలుగువాళ్ళలో ఈ కోర్సు గురించి అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు, ముఖ్యంగా పిల్లలు ప్రీస్కూల్‌కి వెళ్ళడం మొదలయ్యాక "నేనూ ఇది చదివితే ఎలా ఉంటుంది" అనుకునే అమ్మలు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తే పదిమందికీ పనికొస్తుందని రాస్తున్నా. నేను ప్రీస్కూల్ టీచర్‌ని, ఈ దారిలోనే వచ్చాను. ఇక్కడ రాసేదంతా కాలిఫోర్నియా లెక్క, వేరే స్టేట్ వాళ్ళ కోసం చివర్లో కొంచెం రాశాను.

ఇది అసలు ఏం చదువు? పిల్లల్ని చూసుకోవడానికి కూడా కోర్సు కావాలా?

ఈ ప్రశ్న ఎక్కువగా మన ఇంట్లోవాళ్ళ నుంచే వస్తుంది. "ఇంజనీరింగ్ చదివి డైపర్లు మారుస్తావా" అనే మాట విననివాళ్ళు మనలో తక్కువే. పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ళ దాకా పిల్లల మెదడు, ఒళ్ళు, మాట, స్నేహం, భయం ఇవన్నీ ఏ వరసలో ఎదుగుతాయి, ఆ వయసులో మనం వాళ్ళతో ఏం చేస్తే ఎదుగుదలకి ఊతం, ఏం చేస్తే అడ్డం, ఇదీ ఈ చదువు. పియాజే, వైగాట్‌స్కీ, ఎరిక్సన్ థియరీలు ఉంటాయి, న్యూట్రిషన్ ఉంటుంది, చట్టాలు ఉంటాయి, పిల్లల మీద హింస జరుగుతోందని అనుమానం వస్తే రిపోర్ట్ చేయాల్సిన బాధ్యత గురించి ఉంటుంది. డైపర్ మార్చడం కూడా ఉంటుందండీ, అదీ ఒక పద్ధతి ప్రకారం, ప్రతి స్టెప్పూ బిడ్డకి చెప్తూ, "ఇప్పుడు కాలు ఎత్తుతున్నా" అని చెప్పి ఎత్తుతూ. ఏడాది బిడ్డకి కూడా తన ఒంటి మీద జరిగేది ముందే తెలియాలి అనే ఆలోచన దాని వెనకాల ఉంది.

యూట్యూబ్, ఆన్‌లైన్ సర్టిఫికెట్లు బోలెడున్నాయి కదా, కమ్యూనిటీ కాలేజీయే ఎందుకు?

ఎందుకంటే ఇక్కడ లైసెన్సింగ్ వాళ్ళు (ప్రీస్కూళ్ళకి లైసెన్స్ ఇచ్చే స్టేట్ ఆఫీసు) అడిగేది సర్టిఫికెట్ కాదు, కాలేజ్ యూనిట్లు, అంటే కోర్సు పాసైతే వచ్చే క్రెడిట్లు. అక్రెడిటేషన్ ఉన్న కాలేజీలో సి గ్రేడ్ లేదా అంతకంటే మంచి గ్రేడ్‌తో పాసైన యూనిట్లు ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనిపించాలి. కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి, మీ ఇంటికి అరగంటలో ఏదో ఒకటి ఉండే అవకాశమే ఎక్కువ. బే ఏరియాలో అయితే ఫ్రీమాంట్‌లో ఓలోనీ, కుపర్టినోలో డి ఆంజా, శాంటా క్లారాలో మిషన్, హేవర్డ్‌లో షాబో, లివర్‌మోర్‌లో లాస్ పొసిటాస్. శాక్రమెంటో వైపు అమెరికన్ రివర్, ఫోల్సమ్ లేక్.

డి ఆంజా క్వార్టర్ సిస్టమ్ అని మాత్రం గుర్తుంచుకోండి. అక్కడి నాలుగున్నర క్వార్టర్ యూనిట్లు మిగతా చోట్ల మూడు సెమిస్టర్ యూనిట్లతో సమానం. రెండు కాలేజీల్లో కలిపి చదివేవాళ్ళు ఈ లెక్క చూసుకోకపోతే చివర్లో అర యూనిట్ తక్కువపడి ఇంకో కోర్సు చేయాల్సొస్తుంది.

6 యూనిట్లు, 12 యూనిట్లు, 24 యూనిట్లు అంటారు, ఏది దేనికి?

ఇక్కడే అందరూ తికమకపడతారు, ఎందుకంటే ఇక్కడ రెండు వేర్వేరు రూల్స్ ఉన్నాయి, రెండింటినీ కలిపేసి మాట్లాడతారు.

మొదటిది టైటిల్ 22. మామూలు లైసెన్స్ ఉన్న ప్రైవేట్ ప్రీస్కూళ్ళు, డేకేర్ సెంటర్లు దీని కింద నడుస్తాయి. ఇందులో టీచర్ అవ్వాలంటే 12 యూనిట్లు, ప్లస్ ఆరునెలల అనుభవం. ఆ 12 ఏవి పడితే అవి కాదు, పిల్లల ఎదుగుదల మీద ఒకటి, బిడ్డ-కుటుంబం-సమాజం మీద ఒకటి, కరికులమ్ మీద ఒకటి తప్పనిసరి. 6 యూనిట్లు అయిపోయాక కూడా టీచర్‌గా మొదలుపెట్టొచ్చు, కాకపోతే మిగతావి పూర్తయ్యేదాకా ప్రతి సెమిస్టర్ కనీసం 2 యూనిట్లు చదువుతూనే ఉండాలి. పసిపిల్లల గదిలో చేయాలంటే ఆ 12లో 3 యూనిట్లు ఇన్‌ఫాంట్ కేర్ మీద ఉండాలి.

ఎయిడ్‌గా, అంటే టీచర్‌కి సహాయకురాలిగా, చేరడానికి యూనిట్లు అక్కర్లేదు, మరి 6 యూనిట్లున్న ఎయిడ్‌ని సెంటర్లు ఎందుకు వెతుక్కుంటాయంటే, ప్రీస్కూల్ గదిలో ఒక టీచర్‌కి 12 మంది పిల్లలు, టీచర్‌తో పాటు మామూలు ఎయిడ్ ఉంటే 15 మంది, ఆ ఎయిడ్‌కి 6 యూనిట్లుంటే 18 మంది దాకా ఉండొచ్చు. అంటే మీ రెండు కోర్సుల వల్ల ఆ సెంటర్‌కి ముగ్గురు పిల్లల ఫీజు ఎక్కువ వస్తుంది. జీతం మాట్లాడుకునేటప్పుడు ఇది మీ మనసులో ఉండాలి.

రెండోది టైటిల్ 5. స్టేట్ ఫండింగ్‌తో నడిచే ప్రీస్కూళ్ళు దీని కింద వస్తాయి. వీటికి చైల్డ్ డెవలప్‌మెంట్ పర్మిట్ కావాలి, అది ఇచ్చేది కమిషన్ ఆన్ టీచర్ క్రెడెన్షియలింగ్ అనే స్టేట్ సంస్థ. అసిస్టెంట్, అసోసియేట్ టీచర్, టీచర్, మాస్టర్ టీచర్, సైట్ సూపర్‌వైజర్, ప్రోగ్రామ్ డైరెక్టర్ అని ఆరు మెట్లు. కోర్సుల దారిలో వెళ్తే అసిస్టెంట్‌కి 6 యూనిట్లు. అసోసియేట్‌కి 12 యూనిట్లు, రోజుకి మూడు గంటలకి తగ్గకుండా 50 రోజుల అనుభవం. టీచర్‌కి 24 యూనిట్లు, దానికి తోడు ఇంగ్లీష్, సైన్స్ లాంటి జనరల్ ఎడ్యుకేషన్ 16 యూనిట్లు, 175 రోజుల అనుభవం. రూల్స్ మధ్యమధ్యలో మారుస్తుంటారు, అప్లై చేసే ముందు కమిషన్ వెబ్‌సైట్‌లో సీఎల్-797 అనే లీఫ్‌లెట్ ఒకసారి చదవండి, ఎవరో చెప్పారని వెళ్ళకండి (నేను చెప్పానని కూడా).

ఆ 24 యూనిట్లలో ఏమేం కోర్సులుంటాయి?

దాదాపు అన్ని కాలేజీల్లో అవే ఎనిమిది, ఒక్కోటి మూడు యూనిట్లు, పేర్లు కొంచెం అటూ ఇటూ మారతాయి అంతే. పిల్లల ఎదుగుదల, బిడ్డ-కుటుంబం-సమాజం, కరికులమ్, చిన్నపిల్లలకి బోధించే పద్ధతులు, ఆబ్జర్వేషన్ అండ్ అసెస్‌మెంట్, హెల్త్-సేఫ్టీ-న్యూట్రిషన్, రకరకాల సంస్కృతుల పిల్లలున్న క్లాసులో టీచింగ్, చివర్లో ప్రాక్టికమ్, అంటే నిజం క్లాసులో పిల్లలతో చేసే ప్రాక్టీస్. ఇవి ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి సులువుగా ట్రాన్స్‌ఫర్ అవ్వాలని కావాలనే ఒకేలా పెట్టారు. వీటికి జనరల్ ఎడ్యుకేషన్ కలిపి 60 యూనిట్లు చేస్తే ట్రాన్స్‌ఫర్ డిగ్రీ వస్తుంది, దాంతో కాల్ స్టేట్ యూనివర్సిటీలో బ్యాచిలర్స్‌కి వెళ్ళొచ్చు.

హెచ్4 (హెచ్1 వాళ్ళ స్పౌజ్‌కి ఇచ్చే వీసా) మీద ఉన్నాను, చదవొచ్చా?

చదవొచ్చు. ఎఫ్1కి (స్టూడెంట్ వీసాకి) మారక్కర్లేదు, పార్ట్ టైమ్ అయినా ఫుల్ టైమ్ అయినా హెచ్4 మీదే చదవొచ్చు. ఉద్యోగం మాత్రం ఈఏడీ (పని చేయడానికి అనుమతి కార్డు) ఉంటేనే, అంటే మీ స్పౌజ్‌కి ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ పెట్టే పిటిషన్) అప్రూవ్ అయి ఉండాలి, లేదా గ్రీన్ కార్డ్ ప్రాసెస్ వల్ల ఆరేళ్ళు దాటి హెచ్1 పొడిగించి ఉండాలి.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఈఏడీ లేనివాళ్ళని కొన్ని ప్రైవేట్ సెంటర్లు "వాలంటీర్‌గా రండి, అనుభవం వస్తుంది" అని పిలిచి పొద్దున్నుంచి సాయంత్రం దాకా గది మొత్తం అప్పజెప్పేస్తాయి. జీతం లేనంత మాత్రాన అది వాలంటీరింగ్ అయిపోదు, జీతమిచ్చి చేయించుకోవాల్సిన పనిని ఊరికే చేయించుకోవడం అది, రేపు మీ స్టేటస్‌కే ఇబ్బంది. కాలేజ్ కోర్సులో భాగంగా చేసే ప్రాక్టికమ్ వేరు. అందులో కూడా అనుమానం ఉంటే ముందు ఇమిగ్రేషన్ అటార్నీని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

ఫీజు ఎంతవుతుంది?

కాలిఫోర్నియా రెసిడెంట్‌కి యూనిట్‌కి 46 డాలర్లు, అంటే 12 యూనిట్లకి 552. దానికి హెల్త్ ఫీ, స్టూడెంట్ ఫీ లాంటివి కొంచెం కలుస్తాయి. నాన్ రెసిడెంట్ అయితే యూనిట్‌కి వందల డాలర్లు అదనం, అందుకే రెసిడెన్సీ చాలా ముఖ్యం. మీరు స్టేట్‌కి వచ్చి ఏడాది దాటి, ఇక్కడే ఉండే ఉద్దేశం ఉన్నట్టు కాగితాలు చూపిస్తే హెచ్4 వాళ్ళకి కూడా రెసిడెంట్ ఫీజే పడుతుంది. అప్లికేషన్ చూసి సిస్టమ్ మిమ్మల్ని నాన్ రెసిడెంట్ అని వేసేసినా కంగారుపడకండి, లీజు, డ్రైవింగ్ లైసెన్స్, టాక్స్ రిటర్న్, ఐ-94, అప్రూవల్ నోటీస్ తీసుకుని అడ్మిషన్స్ ఆఫీసుకి వెళ్తే మారుస్తారు. ఈమెయిళ్ళ కంటే మనిషి వెళ్తే పని తొందరగా అవుతుంది.

ఫెడరల్ ఎయిడ్, అంటే ఫాఫ్సా, హెచ్4కి రాదు, గ్రీన్ కార్డ్ వాళ్ళకి వస్తుంది. పుస్తకాల ఖర్చు తప్పించుకోవాలంటే షెడ్యూల్‌లో జీరో టెక్స్ట్‌బుక్ కాస్ట్ గుర్తు ఉన్న సెక్షన్లు ఎంచుకోండి.

ఇండియాలో బీఎడ్ చేశాను, టీచర్‌గా కూడా చేశాను. అవి లెక్కలోకి వస్తాయా?

కొంతవరకు. మీ డిగ్రీని ఎవాల్యుయేషన్ ఏజెన్సీతో కోర్సు వారీగా చేయించుకుంటే జనరల్ ఎడ్యుకేషన్ యూనిట్లు కొన్ని మిగలొచ్చు, బ్యాచిలర్స్ ఉన్నట్టు తేలితే పైమెట్ల పర్మిట్లకి దారి దగ్గరవుతుంది. ఎవాల్యుయేషన్‌కి డబ్బులు కట్టే ముందు ఏ ఏజెన్సీవి ఒప్పుకుంటారో కమిషన్ లిస్టులో, కాలేజీలో రెండు చోట్లా చూసుకోండి. బీఎడ్ హైస్కూల్ సబ్జెక్టుల మీద చేసింది కాబట్టి ఈసీఈ (ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేషన్) యూనిట్ల కింద మాత్రం ఎక్కువ రాకపోవచ్చు. ఎన్‌టీటీ (నర్సరీ టీచర్ ట్రైనింగ్), మాంటిస్సోరి డిప్లొమా లాంటివి ప్రైవేట్ ఇన్‌స్టిట్యూట్‌లో చేసినవైతే యూనిట్లుగా రావడం కష్టం. వాటి మీద పెట్టిన కష్టం వృథా కాదు, క్లాసులో మీకే తెలుస్తుంది, కానీ కాగితం మీద కనపడదు.

ఇంగ్లీష్ అంత బాగా రాదు, పేపర్లు రాయగలనా?

రాయగలరు. కాలేజీల్లో, అడల్ట్ స్కూళ్ళలో ఫ్రీగా ఈఎస్ఎల్ క్లాసులున్నాయి, రైటింగ్ సెంటర్‌లో ట్యూటర్ పక్కన కూర్చుని మీ డ్రాఫ్ట్ చూస్తారు. మొదటి సెమిస్టర్‌లో ఒక్క కోర్సే తీసుకోండి. ఏఐతో రాయించి పెట్టేయాలనే ఆలోచన మాత్రం వద్దు, దొరికిపోతారనే భయంతో కాదు, ఈ కోర్సుల్లో సగం రాతపని మీరు కళ్ళతో చూసినదాని గురించి, అది మీరు తప్ప ఇంకెవరూ రాయలేరు.

ఆబ్జర్వేషన్ అసైన్‌మెంట్ అంటే అందరూ భయపడతారెందుకు?

నా లెక్కలో ఈ చదువు మొత్తానికి ప్రాణం ఇదే, అందుకే కొంచెం వివరంగా చెప్తా.

ఒక ప్రీస్కూల్ గదిలో మూల కూర్చుని, ఒక బిడ్డని చూస్తూ, జరిగింది జరిగినట్టు రాయాలి. వినడానికి తేలికే. బ్లాక్స్ దగ్గర మూడేళ్ళ బాబు ఇంకో పాపకి బ్లాక్ ఇవ్వట్లేదు అనుకోండి. మనలో ఎవరైనా మొదట రాసేది "బాబు మొండిగా ఉన్నాడు, షేరింగ్ రాదు" అనే. ప్రొఫెసర్ దాన్ని కొట్టేసి వెనక్కి పంపిస్తారు. మొండితనం కంటికి కనిపించదు, అది మీ తీర్పు. కంటికి కనిపించింది ఇలా ఉంటుంది: "10:12. బాబు నీలం బ్లాక్‌ని రెండు చేతులతో గుండెకి అదుముకున్నాడు. పాప చెయ్యి చాపింది. బాబు రెండడుగులు వెనక్కి వేశాడు. తలుపు వైపు చూశాడు. 'డాడీ కార్' అన్నాడు. మళ్ళీ తలుపు వైపు చూశాడు."

ఇప్పుడు రెండోసారి చదవండి. తలుపు వైపు రెండుసార్లు చూశాడు. ఆ నీలం బ్లాక్ వాళ్ళ నాన్న కారు అయ్యుండొచ్చు, ఇందాకే ఆ కారులోనే దింపి వెళ్ళిపోయారేమో. అప్పుడు ఆ బాబుకి కావాల్సింది షేరింగ్ మీద క్లాసు పీకడం కాదు, పక్కన కూర్చుని "డాడీ లంచ్ తర్వాత వస్తారు" అని చెప్పే మనిషి. మొదటి వాక్యం రాసిన టీచర్ బ్లాక్ లాక్కుని పాపకి ఇచ్చేస్తుంది, రెండోది రాసిన టీచర్ ఆ పని చేయదు. అది కూడా ఒక ఊహే, ఇంకో నాలుగు రోజులు చూస్తేగానీ తేలదు, అందుకే ఒకసారి కాదు చాలాసార్లు రాయిస్తారు. స్టేట్ ప్రీస్కూళ్ళలో వాడే డీఆర్‌డీపీ అనే అసెస్‌మెంట్ కూడా ఇలాంటి నోట్స్ మీదే నడుస్తుంది, పిల్లలకి పరీక్ష పెట్టడం ఉండదు.

ఇది అలవాటయ్యాక మన పిల్లల్ని మనం చూసే చూపు కూడా మారుతుంది. "వీడు అల్లరి, ఇది పెంకి" అని పేరు పెట్టేసే ముందు ఒక్క క్షణం ఆగి, ఏం జరిగింది అని చూస్తాం.

ఇక్కడ ప్రీస్కూల్లో ఏబీసీడీలు రాయించరు, ఎప్పుడూ ఆటలే. మనవాళ్ళు ఊరుకోరు కదా?

ఊరుకోరు, పేరెంట్ మీటింగుల్లో నన్ను ఎక్కువమంది అడిగేది కూడా ఇదే. హైదరాబాద్‌లో, విజయవాడలో ఎల్‌కేజీ పిల్లలకి నాలుగు గీతల కాపీ పుస్తకం ఇచ్చేస్తారు, అక్క కొడుకు అక్కడ పేరా రాసేస్తుంటే మనవాడు ఇక్కడ ప్లేడో పిసుకుతున్నాడే అని బాధ. ఆ బాధ నాకు అర్థమవుతుంది, తేలిగ్గా తీసేయను. కానీ ఆ ప్లేడో పిసికే చెయ్యిని ఒక్కసారి దగ్గరగా చూడండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య చిన్న ఉండ చేస్తున్నాడు, అరచేత్తో పాములా పొడుగ్గా దొర్లిస్తున్నాడు, కత్తెరతో ముక్కలు కోస్తున్నాడు, రేపు పెన్సిల్ పట్టుకోవాల్సింది ఆ వేళ్ళతోనే. వేళ్ళలో బలం రాకముందే పెన్సిల్ ఇస్తే పిడికిలితో పట్టుకుని భుజం అంతా కదిలించి రాస్తాడు, తర్వాత ఆ పట్టు మార్చడం ఎంత కష్టమో కిండర్‌గార్టెన్ టీచర్లని అడగండి.

అక్షరాలు అసలు నేర్పరని కాదు. పేరు కార్డులు, కథలు, ప్రాసలు, షాపు ఆటలో సరుకుల లిస్టు, అన్నిట్లోనూ ఉంటాయి. మన చెమ్మచెక్క, కాళ్ళాగజ్జ ఆటల్లో లయా, లెక్కా, తన వంతు కోసం ఆగడమూ అన్నీ ఉన్నాయి, కరికులమ్ కోర్సులో లెసన్ ప్లాన్ రాయమంటే వాటినే రాయండి, ప్రొఫెసర్లు చాలా ఇష్టంగా చదువుతారు.

ప్రాక్టికమ్ ఎలా ఉంటుంది?

చివరి సెమిస్టర్‌లో కాలేజీ ల్యాబ్ స్కూల్లోనో, మెంటర్ టీచర్ ఉన్న సెంటర్‌లోనో పిల్లలతో పని చేయాలి. ఒక ల్యాబ్ యూనిట్ అంటే 54 గంటలు, కాబట్టి పగటిపూట వారానికి కొన్ని గంటలు ఖాళీ చేసుకోవాలి, మిగతా కోర్సులు ఆన్‌లైన్‌లో అయినా ఇది మాత్రం వెళ్ళి చేయాల్సిందే. ముందే టీబీ టెస్ట్, మీజిల్స్, కోరింత దగ్గు టీకాల రికార్డు కావాలి, ఫ్లూ షాట్ ప్రతి ఏడాదీ అడుగుతారు. చిన్నప్పుడు ఇండియాలో వేసిన టీకాల కాగితాలు ఎవరి దగ్గరా ఉండవు, డాక్టర్‌ని అడిగి రక్తపరీక్ష చేయించుకోవచ్చు, లేదా మళ్ళీ వేయించుకోవచ్చు. ఉద్యోగానికైతే లైవ్ స్కాన్ వేలిముద్రలు కూడా.

ఇంట్లో రెండేళ్ళ బిడ్డ ఉంది, ఎలా మేనేజ్ చేయాలి?

మూడు యూనిట్ల కోర్సుకి చదవడం, రాయడం అన్నీ కలిపి వారానికి తొమ్మిది గంటలు వేసుకోండి. సెమిస్టర్‌కి రెండు కోర్సులు చేస్తే రెండు సెమిస్టర్లలో 12 యూనిట్లు అయిపోతాయి. సమ్మర్ కోర్సులు మాత్రం ఆరేడు వారాల్లో మొత్తం కుక్కేస్తారు, చిన్నపిల్లలున్నవాళ్ళు ఆలోచించి తీసుకోండి. కొన్ని కాలేజీల చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్లలో స్టూడెంట్స్ పిల్లలకి సీట్లుంటాయి, చేరే ముందే వెయిట్‌లిస్ట్‌లో పేరు పెట్టండి. ఇంట్లో ఆయన కూడా వారానికి రెండు సాయంత్రాలు బిడ్డని పూర్తిగా చూసుకోవాలి, ఇది మీరు అడగాల్సిన సాయం కాదు, ఇద్దరూ కూర్చుని వేసుకోవాల్సిన టైమ్‌టేబుల్.

జీతాలు ఎలా ఉంటాయి? నిజం చెప్పండి.

తక్కువ. సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూసుకుంటే మొదటి నెలే మానేస్తారు. ప్రైవేట్ సెంటర్‌లో కొత్తగా చేరినవాళ్ళకి మినిమమ్ వేజ్‌కి కాస్త పైన ఉంటుంది. స్కూల్ డిస్ట్రిక్ట్ నడిపే ప్రీస్కూళ్ళు, హెడ్ స్టార్ట్ (తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లల కోసం ఫెడరల్ ప్రోగ్రామ్) లాంటి చోట్ల బెనిఫిట్స్ సాధారణంగా మెరుగ్గా ఉంటాయి. అందుకే 12 దగ్గర ఆగొద్దంటా, 24 చేసి టీచర్ పర్మిట్ తీసుకుంటే ఎక్కువ చోట్ల తలుపులు తెరుచుకుంటాయి. మనిషి జీవితంలో ముఖ్యమైన మొదటి ఐదేళ్ళు చూసే టీచర్లకి ఇంత తక్కువ ఇవ్వడం చాలా అన్యాయం, అది మారాలి. పనిచేస్తూ చదివేవాళ్ళకి చైల్డ్ డెవలప్‌మెంట్ ట్రైనింగ్ కన్సార్షియం నుంచి కొంత డబ్బు వెనక్కి వచ్చే ప్రోగ్రామ్ ఉంది, మీ కాలేజీ కోఆర్డినేటర్‌ని అడగండి.

ఇంట్లోనే డేకేర్ పెట్టుకుంటే?

పెట్టుకోవచ్చు. చిన్న లైసెన్స్‌కి 8 మంది పిల్లల దాకా, పెద్దదానికి 14 దాకా. దీనికి ఈసీఈ యూనిట్లు తప్పనిసరి కాదు, పీడియాట్రిక్ సీపీఆర్, ఫస్ట్ ఎయిడ్, హెల్త్ అండ్ సేఫ్టీ ట్రైనింగ్, వేలిముద్రలు, ఇంటి ఇన్‌స్పెక్షన్ ఉంటాయి. ఈఏడీ లేకుండా ఇదీ కుదరదు. నన్నడిగితే కనీసం చైల్డ్ డెవలప్‌మెంట్ ఒక్క కోర్సన్నా చేసి పెట్టండి, ఇద్దరు పిల్లల తల్లిగా ఉండడం వేరు, ఎనిమిది ఇళ్ళ పిల్లల్ని ఒకేసారి చూడడం వేరు.

టీకే (ట్రాన్సిషనల్ కిండర్‌గార్టెన్) టీచర్ అవ్వాలంటే ఈ యూనిట్లు సరిపోతాయా?

చాలవు. 2025-26 నుంచి కాలిఫోర్నియాలో నాలుగేళ్ళు నిండే పిల్లలందరికీ పబ్లిక్ స్కూళ్ళలో ట్రాన్సిషనల్ కిండర్‌గార్టెన్ వచ్చింది, పది మంది పిల్లలకి ఒక పెద్దమనిషి చొప్పున ఉండాలి కాబట్టి ఉద్యోగాలైతే పెరిగాయి. కానీ క్లాస్ టీచర్‌కి బ్యాచిలర్స్, టీచింగ్ క్రెడెన్షియల్ కావాలి, వాటి మీద సాధారణంగా ఈ 24 యూనిట్లు కూడా అడుగుతారు. పీకే-3 అని ప్రత్యేకంగా చిన్నపిల్లల క్రెడెన్షియల్ కూడా వచ్చింది, ఇండియా డిగ్రీ ఉన్నవాళ్ళు దాని గురించి తెలుసుకోండి. క్రెడెన్షియల్ లేకపోయినా టీకే గదిలో ఎయిడ్‌గా చేరొచ్చు, స్కూల్ టైమింగ్స్ కాబట్టి మన పిల్లలతో పాటే వెళ్ళి వాళ్ళతో పాటే రావొచ్చు.

క్లాసులో తెలుగు పిల్లలతో తెలుగు మాట్లాడొచ్చా?

మాట్లాడాలి. ఇంటి భాష గట్టిగా ఉన్న బిడ్డకి ఇంగ్లీష్ కూడా బాగా వస్తుందనేది ఈ కోర్సుల్లో పదేపదే నేర్పే విషయం. ఇంట్లో తెలుగు మాత్రమే విన్న బిడ్డ కొత్త క్లాసులో వారాలు, ఒక్కోసారి నెలలు నోరు విప్పకపోవచ్చు, అది కొత్త భాష వింటూ లోపల సర్దుకుంటున్న దశ. అలా ఎప్పుడూ కిటికీ దగ్గరే నిలబడే ఒక పాప దగ్గర కూర్చుని "చేతులు కడుక్కుందామా" అన్నాను. గిరుక్కున తల తిప్పి నా నోటి వైపే చూసింది, మాట్లాడలేదు, కానీ నా వేలు పట్టుకుని సింక్ దాకా వచ్చింది. "ఇంట్లో ఇంగ్లీష్‌లోనే మాట్లాడండి" అని ఎవరైనా చెప్తే తల్లిదండ్రులు దాన్ని పట్టించుకోవద్దు.

మగవాళ్ళు చదవొచ్చా?

హాయిగా. తక్కువమంది ఉన్నారు, ఇంకా రావాలి.

టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ళకి?

రూల్స్ స్టేట్‌ని బట్టి మారతాయి. చాలా స్టేట్స్‌లో సీడీఏ అనే నేషనల్ క్రెడెన్షియల్‌ని గుర్తిస్తారు, దానికి 120 గంటల ట్రైనింగ్, 480 గంటల అనుభవం కావాలి. ట్రైనింగ్ భాగాన్ని కమ్యూనిటీ కాలేజీలో క్రెడిట్ కోర్సులుగా చేస్తే తర్వాత డిగ్రీకి కూడా పనికొస్తాయి.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి?

సీసీసీ అప్లై అనే సైట్‌లో అకౌంట్ తెరిచి మీ కాలేజీకి అప్లై చేయండి, ఫ్రీ. ఎంట్రన్స్ ఉండదు. ఫాల్ సెమిస్టర్ ఆగస్టు చివర్లో, స్ప్రింగ్ జనవరి చివర్లో మొదలవుతాయి (క్వార్టర్ కాలేజీలకి తేదీలు వేరు), కనీసం రెండు మూడు నెలల ముందే అప్లికేషన్ పెడితే రెసిడెన్సీ గొడవలు తేల్చుకోవడానికి టైమ్ ఉంటుంది. కౌన్సిలర్‌తో అపాయింట్‌మెంట్ తీసుకుని ఎడ్యుకేషన్ ప్లాన్ వేయించుకోండి, నాకు టైటిల్ 22 కోసమా, పర్మిట్ కోసమా, డిగ్రీ కోసమా అని ముందే స్పష్టంగా చెప్పండి. మొదటి కోర్సుగా చైల్డ్ గ్రోత్ అండ్ డెవలప్‌మెంట్ తీసుకోండి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి. సీట్లు నిండిపోతే వెయిట్‌లిస్ట్‌లో చేరి మొదటి క్లాసుకి తప్పకుండా హాజరవ్వండి, ఆన్‌లైన్ సెక్షన్ అయితే మొదటి రోజే ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టండి, రిజిస్టర్ అయి కూడా రానివాళ్ళని తీసేసి ఆ వారంలోనే యాడ్ కోడ్లు (నిండిన క్లాసులో చేరడానికి ప్రొఫెసర్ ఇచ్చే నంబర్లు) ఇస్తారు.